బిషప్ గారి బల్బుల పిచ్చి

మా బిషప్ గారికి ఉన్న పిచ్చి ఒక్కటే. ఏ గదిలో అడుగుపెట్టినా ముందు పైకప్పు వైపు చూసి, "ఇక్కడ చీకటిగా ఉందేంటయ్యా?" అనేవారు. కిటికీలోంచి ఎండ మొహం మీద పడుతున్నా అదే మాట. అని ఊరుకునేవారా? అంగీ జేబులోంచి బల్బు తీసేవారు. మెడలో సిలువ మర్చిపోయి వచ్చిన రోజులున్నాయి గానీ జేబులో బల్బు మర్చిపోయిన రోజు లేదు.

నేను ఆ పెద్దగుడిలో వస్త్రాల గది చూసుకునేవాణ్ణి. ఏ రోజు పూజకి ఏ రంగు వస్త్రమో చూసి, సొరుగులోంచి తీసి బల్ల మీద పరచడం నా పని. మామూలు రోజులకి ఆకుపచ్చ, మతం కోసం ప్రాణాలిచ్చిన వేదసాక్షుల రోజులకి ఎరుపు, చావు పూజకి ఊదా. ముప్పై ఒక్క ఏళ్లు చేశాను. గుడి వెనక మాకో గది ఇచ్చారు. అందులో నేనూ, మా ఆవిడా. పని పోతే గదీ పోతుంది.

పోయేలాగే ఉంది కూడా. నా కళ్లు మసకబారడం మొదలుపెట్టాయి. డాక్టరు లైటు వేసి చూసి, "నరం ఎండిపోతోంది. పోయిన చూపు రాదు, ఉన్నది జాగ్రత్త" అన్నాడు. ఈ సంగతి మా ఆవిడకి తప్ప ఎవరికీ తెలియనివ్వలేదు. మెట్లు లెక్కపెట్టుకుంటూ ఎక్కేవాణ్ణి. గోడ తడుముకుంటూ నడిచేవాణ్ణి. ఎవరైనా ఎదురుపడితే జేబుగుడ్డ తీసి గోడ తుడిచేవాణ్ణి. అలా నాకు మహా శుభ్రమైన మనిషినని పేరొచ్చింది. లోపల మాత్రం రోజూ చచ్చేంత భయం.

బిషప్ గారికి పిచ్చి పట్టిన రోజు నాకు బాగా గుర్తు. ముసురు పట్టిన ఉదయం. గుడి తోటమాలి పోయాడు. తోటమాలే కదా, ఎవరో చిన్న ఫాదర్ పూజ చేస్తారనుకున్నాం. బిషప్ గారు తానే చేస్తానన్నారు. నేను సొరుగు తీసి వస్త్రం పరిచాను. ఆయన దాని ముందు ఒక్క క్షణం ఆగి, ఏమీ అనకుండా తొడుక్కున్నారు. పీఠం దగ్గరికి వెళ్లేసరికి గుడంతా గుసగుసలు.

పూజ అవగానే బిషప్ గారి తర్వాత పెద్దయిన ఫాదర్ గారు నా మీదికి దూసుకొచ్చారు.

"శవం ముందు ఆకుపచ్చా? నీకసలు కళ్లు కనబడుతున్నాయా?"

ఇరవై ఏళ్లు దాటిన కొలువు ఆ పూటతో సరి అనుకున్నాను.

"అతన్నేమీ అనకండి ఫాదర్," అన్నారు బిషప్ గారు వస్త్రం విప్పుతూ. "నాకూ ఊదాలాగే కనబడింది. ఈ గదిలో ఎంత చీకటో చూశారా?"

అప్పుడు నాకు విషయం అర్థమైంది. పాపం, పెద్దాయనకీ చూపు పోతోంది. నాకు తోడు దొరికినందుకు సంతోషించాను, సంతోషించినందుకు సిగ్గుపడ్డాను.

ఆ సాయంత్రమే బల్బు తెచ్చారు. నన్ను కుర్చీ పట్టుకోమని తానే ఎక్కారు. తర్వాత నడవాలో రెండు, మెట్ల దగ్గర మూడు, చివరికి మా గది గుమ్మం మీద కూడా ఒకటి. ఒకసారి ఆయన నిచ్చెన మీదుండగా ఎవరో పెద్దమనిషి వచ్చి, "ఏమోయ్, బిషప్ గారు ఖాళీగా ఉన్నారా?" అని ఆయన్నే అడిగాడు.

"ఈ ఒక్కటీ బిగిస్తే ఖాళీయేనండీ," అన్నారు పైనుంచి.

బల్బులతో ఆగలేదు. సొరుగుల మీద అరచేయంత అక్షరాలతో రంగుల పేర్లు రాయించారు. "నాకు చిన్న అక్షరాలు ఆనవయ్యా," అన్నారు. రోజూ ఉదయం గుమ్మంలోంచే కేకేసేవారు. "ఇవాళ ఎరుపే కదూ? ఎడమవైపు మూడోదే కదూ?"

"అవునండీ," అనేవాణ్ణి, నాకు ముందే తెలిసినట్టు.

"పాపం, నేను లేకపోతే ఆయన పని ఏమయ్యేదో," అన్నాను ఓ రోజు మా ఆవిడతో.

"మీరిద్దరూ కలిసి బతికున్నవాళ్లకి చావు పూజ చేయకుండా ఉంటే అదే పదివేలు," అంది.

అలా తొమ్మిదేళ్లు. ఆ తర్వాత వయసు మీద పడి ఆయన పదవి వదిలేసి, ముసలి ఫాదర్లు ఉండే ఆశ్రమానికి వెళ్లిపోయారు. వెళ్లేరోజు నా చేతిలో ఓ బల్బు పెట్టారు. నాకు ఏడుపొచ్చింది. సగం ఆయన మీద ప్రేమ, సగం నా గతేమిటన్న బెంగ. కొత్త బిషప్ గారు కుర్రాడు, చురుకైన కళ్లట. వారం తిరక్కుండా నన్ను పట్టేస్తారనుకున్నాను.

నెల తర్వాత ఆయన్ని చూడ్డానికి వెళ్లాను. మిట్టమధ్యాహ్నం. కిటికీ పక్కన కూర్చుని అంగీకి బొత్తం కుట్టుకుంటున్నారు.

"కొత్తాయన ఎలా ఉన్నారు?"

"మంచివారేనండీ. కానీ పాపం, ఆయనకీ చూపు ఆనదు. మొదటి రోజే, 'ఇక్కడ చీకటిగా ఉందేంటి?' అన్నారు."

"అలాగా," అంటూ బిషప్ గారు దారం చివర నోట్లో తడిపి సూదిలోకి ఎక్కించారు. కళ్లజోడు లేదు. ఒక్క ప్రయత్నంలో ఎక్కింది. సూది గుచ్చుకుంటే తప్ప ఉందని తెలియని నాకు కూడా, ఆయన వెంటనే కుట్టు మొదలుపెట్టడంతో తెలిసింది.



"అయ్యగారూ, మీ కళ్లకి ఏమీ కాలేదా?"

"నా కళ్లకేమయ్యా? ఆ గోడ మీద చీమ పోతోంది."

"ఆ రోజు ఆకుపచ్చ అని మీకు తెలుసా?"

"తోటమాలి కదా. ఏమీ అనుకోడులే అనుకున్నాను."

మా గుమ్మం నుంచి వస్త్రాల గది దాకా ఆ బల్బులన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. అన్నీ నేను నడిచే దారిలోనే. కళ్లు తుడుచుకోకుండానే, "బిషప్ గారు తొమ్మిదేళ్లు అబద్ధమాడొచ్చా అండీ?" అన్నాను.

"ఆడకూడదు. అందుకే పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనంలో ప్రతిసారీ చెప్పుకునేవాణ్ణి. చివరికి వినే ఫాదర్ విసుగెత్తి, అది వదిలేసి మిగతావి చెప్పమన్నాడు."

"మరి కొత్తాయన?"

"ఆయన కూడా చెప్పుకుంటాడులే."

ఆ మాటతో గుండెలో మిగిలిన బెంగ కూడా దిగింది. ఆయన కుడుతున్న అంగీ నా ముందు పెట్టారు.

"ఈ దారం ఏ రంగో చెప్పు."

ఇక దాచేదేముంది అని వంగి, ముక్కు ఆనించి చూశాను. "నలుపండీ."

ఆయన కాసేపు దారం వైపు, కాసేపు నా వైపు చూశారు. కిటికీలోంచి ఎండ మా ఇద్దరి ఒళ్లో పడుతోంది.

"నేనూ నలుపే అనుకున్నాను. కుట్టాక చూస్తే తెలుపు," అంటూ జేబులో చెయ్యి పెట్టి కుర్చీ కోసం లేచారు. "ఈ గది మరీ చీకటయ్యా."