పూజిత ఎడమ పాదం

ముప్పై మూడేళ్ల పూజిత అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో చేరుతోందని తెలిసినప్పుడు వాళ్లుండే కాపెల్ ఊళ్లోని తెలుగువాళ్లలో నవ్వనివాళ్లు తక్కువ. పదేళ్లుగా కుర్చీలో కూర్చుని సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసిన మనిషి ఆమె.

"గ్రీన్ కార్డ్ వస్తే ఇల్లు కొనుక్కుంటారు గానీ తుపాకీ పట్టుకుంటారటే?" అంది పక్కింటి కామేశ్వరి.

"ఇల్లు మీరు కొన్నారుగా ఆంటీ, తుపాకీ నేను పట్టుకుంటాను."

బరువు తగ్గితేనే తీసుకుంటామన్నారు. పూజిత అన్నం మానేసింది. ట్రెడ్‌మిల్ ఎక్కి ఎరగని మనిషి ఉన్నట్టుండి రోజూ పరుగెత్తింది. నెలసరి ఆగిపోతే అలసట వల్లనేమో అనుకుంది. ఎవరితోనూ అనలేదు.

శిక్షణ శిబిరంలో బరువైన సంచి వీపున వేసుకుని మైళ్లకు మైళ్లు నడవాలి. మూడో వారానికి ఎడమ పాదం పైభాగం సలపడం మొదలైంది. మొదట్లో కూర్చుంటే తగ్గేది. తర్వాత బూటు విప్పినా తగ్గలేదు. పక్క మంచం అమ్మాయి హెచ్చరించింది, డాక్టర్ దగ్గరికి వెళ్తే వెనక బ్యాచ్‌లోకి తోసేస్తారని. అందరూ నొప్పి మింగి నడుస్తున్నారు. పూజిత మాత్రం వెళ్లింది.

ఎక్స్‌రేలో ఏమీ కనబడలేదు.

"ఎముక బాగానే ఉందట. సంచి ఎత్తు," అన్నాడు సార్జెంట్ మర్నాడు అందరి ముందూ.

"ఎత్తను, సార్జెంట్."

వరుసంతా బిగుసుకుపోయింది. పూజిత ఆగలేదు. "పారిపోవాలనుకుంటే ఇక్కడిదాకా వచ్చేదాన్నే కాదు. అడుగు వేస్తే ప్రాణం పోతోంది. ఇంకోసారి పరీక్ష చేయించండి. అప్పుడూ ఏమీ లేకపోతే మీరు ఏ శిక్ష వేసినా పడతాను."

సార్జెంట్ ఆమెను మళ్లీ క్లినిక్‌కి పొమ్మన్నాడు. ఎంఆర్‌ఐలో బయటపడింది. రెండో వేలి వెనక ఎముకకు, ఎక్స్‌రేకి అందనంత సన్నని పగులు.

అక్కడి ఫిజికల్ థెరపిస్ట్ ఒక మహిళా కెప్టెన్. పాదం ముట్టుకోకముందే నెలసరి గురించి అడిగింది. నాలుగు నెలలుగా రావడం లేదంది పూజిత. ఏం తింటున్నావంటే, బ్రెడ్డు, సలాడ్ అంది. రక్తపరీక్షలో విటమిన్ డి అడుగంటిపోయి ఉంది.

"పదేళ్లు కూర్చున్న ఎముకల మీద ఒక్కసారిగా ఇంత బరువు వేశావు. పైగా వాటిని పస్తులుంచావు. నెలసరి ఆగడమే అందుకు మొదటి హెచ్చరిక. విరగక ఏం చేస్తాయి?" అంది కెప్టెన్. ఇంటికి వెళ్లిపోవాలనుకుంటే కాగితాలు రాస్తానంది.

ఆ ఆదివారం భర్త శశికాంత్‌కి పూజిత ఫోన్ చేసింది.

"వచ్చెయ్ పూజీ. ఫ్లైట్ బుక్ చేస్తా. ఎవడేమన్నా నేను చూస్కుంట."

"బుక్ చెయ్యకు శశీ. ఎవరో నవ్వుతారని కాదు. నాకే ఇది సగంలో వదలాలని లేదు."

గాయపడినవాళ్లను ఉంచే బ్యారక్స్‌లో వేసవంతా గడిపింది. బరువు పెరుగుతుందన్న భయం వదిలేసి, బీన్స్, అన్నం, పాలు, పీనట్ బటర్ కడుపునిండా తింది. నెలసరి తిరిగి వచ్చిన రోజున కెప్టెన్‌కి తనే వెళ్లి చెప్పింది. మెల్లగా నడక, ఆ తర్వాత పరుగు, చివరికి సంచి. కొత్త బ్యాచ్‌లో మళ్లీ మొదటినుంచీ చేసి, ఆఖరి మార్చ్ తన కాళ్ల మీదే ముగించింది. అందరికన్నా వెనక వచ్చినందుకు సిగ్గుపడలేదు.

ఇప్పుడు నెలకో వీకెండ్ రిజర్వ్ డ్యూటీకి వెళ్తుంది. మిగతా శనివారాల్లో, సైన్యంలో చేరబోయే అమ్మాయిలతో పార్కులో పరుగెత్తుతుంది. మొన్న అనన్య అనే హైస్కూల్ పిల్ల కొత్తగా వచ్చింది. పూజిత ఆమెకు పరుగు కన్నా ముందు ప్రశ్నలు పెట్టింది.

"పొద్దున ఏం తిన్నావ్? పీరియడ్స్ టైమ్‌కి వస్తున్నాయా?"

"ఆంటీ! అందరి ముందు అడుగుతారా?"

"అందరి ముందే అడుగుతా. నువ్వూ అందరి ముందే చెప్పు."

అనన్య అటూ ఇటూ చూసింది. తర్వాత, కొంచెం గట్టిగానే, చెప్పింది.