తెర మీద అక్క పేరు

కొన్నేళ్లుగా ఒక పేరును మోస్తున్నాను. నా పేరు కాదు, మా అక్క సుజాత పేరు. మోయవలసింది నేను. ఆ బరువును ఇంకొకరి మీద కూడా పెట్టాను. ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను.

దుకాణాలకు ఆన్‌లైన్ చెల్లింపులు ఏర్పాటు చేసే కంపెనీలో నా ఉద్యోగం. మెట్టుగూడలో అక్కా బావా కర్రీ పాయింట్ పెట్టినప్పుడు వాళ్ల వివరాలు నేనే ఎక్కించాను. కొనేవాళ్లు గల్లాపెట్టె మీది కోడ్‌ను ఫోన్‌తో స్కాన్ చేస్తారు. ముందు ఒక పేరు కనిపిస్తుంది. అది సరిచూసుకుని పిన్ నొక్కితే డబ్బు వాళ్ల బ్యాంకు నుంచి బయలుదేరి, మా కంపెనీ మీదుగా, మర్నాటికి దుకాణం ఖాతాకు చేరుతుంది. ఖాతా బావది. కనిపించే పేరు మాత్రం మేము రాసిపెట్టేది. వంట అక్కది కాబట్టి అక్క పేరు రాశాను. "నా పేరెందుకురా" అంటూనే మురిసిపోయింది.

అక్క జ్వరంతో పోయింది. కోడ్ అలాగే ఉంది.

ఇంట్లో కూర్చుని, ఫోన్‌లో దాచుకున్న ఆ కోడ్ ఫొటోను చెల్లింపుల యాప్‌లో తెరిచేవాణ్ణి. తెర కాసేపు తెల్లగా ఉండి, అక్క పేరు వచ్చేది. డబ్బు వేసేవాణ్ణి కాదు. పేరు చూసి వెనక్కి వచ్చేవాణ్ణి. సాయంత్రం వేళ లాలాగూడ రైల్వే వర్క్‌షాప్ నుంచి ఇళ్లకు పోయేవాళ్లు, అక్కను ఎన్నడూ చూడనివాళ్లు, దుకాణం ముందు ఆగి తమ ఫోన్లలో ఆమె పేరు చూస్తున్నారని అనుకుంటే, ఆమె ఎక్కడికీ పోలేదనిపించేది. అది నిజం కాదని నాకు తెలియదా? తెలుసు.

బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. ఆమె పేరు భారతి. గరిటె ఆమె చేతికి వచ్చింది. నన్ను తమ్ముడూ అని పిలిచేది. నేను ఆమెను ఏమీ పిలిచేవాణ్ణి కాదు.

కొనేవాళ్లు ఫోన్‌లో పేరు చూసి భారతితో "సుజాత అంటే నువ్వేనా అమ్మా" అనేవారు. మొదట్లో కాదని చెప్పేది. మరి ఆమె ఎవరని అడిగేవారు. వెనక జనం ఆగి ఉండేవారు. కొన్నాళ్లకు ఊరికే తల ఊపడం మొదలుపెట్టింది.

ఒక రోజు బావ కూర పొట్లాలకు రబ్బరు బ్యాండ్లు వేస్తూ అడిగాడు. "ఏందిరా బామ్మర్ది, పెండ్లి అయిపాయె, పేరు మారకపాయె. జెర చూడరాదు? పాపం, ఎంతమందికని చెప్తది?"

"సిస్టమ్ తీస్కుంటలేదు బావా."

"ఏం సిస్టమ్ రా అది! దానికి సుత పెండ్లి కార్డు ఇయ్యాల్నా ఏంది?"

భారతి నవ్వింది. "పోనీయుండ్రి. తమ్ముడు మాత్రం ఏం జేస్తడు?"

ఏం చేస్తాను? ఆఫీసులో కూర్చుని ఒక పేరు చెరిపి ఇంకో పేరు కొట్టాలి. నేను రోజూ చేసే పనే. బావ తర్వాత కూడా అడిగాడు. నేను అదే మాట చెప్పాను. దుఃఖమా అది? చాలాకాలం దుఃఖమే అనుకున్నాను. ఇప్పుడు అనుకోలేను. అక్క చోటికి వచ్చిందన్న కోపాన్ని, ఆమెకు పేరు లేకుండా చేసి తీర్చుకున్నాను.

ఈమధ్య దుకాణం దగ్గర నిలబడి ఉన్నాను. రోడ్డు అవతల నుంచి ఎవరో "సుజాతక్కా, సాంబార్ ఉంచు" అని కేకేశారు. భారతి వెంటనే "సరే" అంది. కాసేపటికి, ఊరి నుంచి వచ్చిన ఆమె తల్లి వెనక నుంచి "భారతీ" అని పిలిచింది. ఆమె కూర కడుతూనే ఉంది. మళ్లీ పిలిస్తే గాని తిరగలేదు.

మర్నాడు పేరు మార్చి, సిస్టమ్ తీసుకుందని బావకు చెప్పాను. సాయంత్రం వెళ్లి పప్పు తీసుకుని స్కాన్ చేశాను. తెర కాసేపు తెల్లగా ఉండి, భారతి అని వచ్చింది. ఆ తెలుపులో అక్క కోసం ఎంత చూశానో చెప్పలేను. పిన్ నొక్కాను.

పొట్లం అందిస్తూ ఆమె అంది: "సిస్టమ్ ఇన్నాళ్లకు తీస్కున్నదట గదా తమ్ముడూ. నీకు మస్తు తక్లీఫ్ అయ్యుంటది."

పప్పు పట్టుకుని వచ్చేశాను. అక్కడ చెప్పవలసిన మాటను ఇక్కడ రాస్తున్నాను. సిస్టమ్ కాదు. నేనే.