ఇంటి నేల కింద

యర్రయ్య గారింట్లో నేను అద్దెకు దిగింది తొంభై ఎనిమిది ఆగస్టులో. క్లెమెంటిలో నాలుగో అంతస్తు ఫ్లాటు. భార్య సూరమ్మ గారు పోయి అప్పటికి రెండేళ్లు. కూతురు శాంతి రాఫెల్స్ ప్లేస్‌లో ఒక బ్యాంకు కంప్యూటర్ విభాగంలో పని చేసేది. పెళ్లై వేరే ఉండేది, ఆదివారాలు వచ్చి తండ్రికి వండిపెట్టి వెళ్లేది. ఖాళీగా ఉన్న ఆమె గదినే నాకిచ్చారు.

ఆయన తాత ఎప్పుడో శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి అక్కడి రబ్బరు తోటల్లోకి కూలీగా వచ్చాడట. యర్రయ్య గారు అక్కడే పుట్టారు. ముప్పై నాలుగేళ్లు జలాశయాల్లో పడవ మీద తిరుగుతూ గుర్రపుడెక్క, నాచు తీసే పని చేసి రిటైరయ్యారు. తెలుగు చదవడం రాదు. మాట్లాడే తెలుగులో తాత యాస అలాగే ఉండిపోయింది, దాని మీద తమిళం, మలయ్ మాటలు పేరుకున్నాయి. నన్ను తంబీ అనేవారు.

నేను యూనివర్సిటీలో పరిశోధన చేసేవాణ్ణి. గ్వాటెమాలా అడవిలో పాడుబడ్డ టికాల్ అనే మాయా నగరానికి నీళ్లు ఎలా అందేవో, ఎలా అడుగంటాయో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని.

ఒక సాయంత్రం ఆయన నా వెనక నిలబడి తెర మీది పటం చూశారు.

"ఏటి తంబీ ఇది, ఊరా?"

"పెద్ద నగరం అంకుల్. వేల ఇళ్లు. పక్కన నది లేదు, వాన నీళ్లే ఆధారం. గుంటలు తవ్వి, సున్నం పూసి, పది చెరువుల్లో నిలవ చేసుకున్నారు."

"మరి తూడు ఎవులు తీసినారు?"

నా లెక్కలో వాన ఉంది, ఎండ ఉంది, జనం తాగే నీళ్లు ఉన్నాయి. తూడు అనే నీటి కలుపు లేదు, తీసే మనిషి లేడు.

ఆ రోజు నుంచి ఆయన నాకు గురువయ్యారు. ఎన్నాళ్లకి చెరువు పూడుతుంది, ఎంత విస్తీర్ణానికి ఎందరు దిగాలి, ఏ వాసన వస్తే నీళ్లు చెడుతున్నట్టు, అన్నీ చెప్పేవారు. మాయా రాజులు తలపాగాల్లో కలువపూలు పెట్టుకునేవారని చెబితే ఆయన మొహం విప్పారింది.

"పెట్టుకోరా మరి! కుళ్లు నీటిల కలువ బతకదు. నా సెరువు బాగుంది సూడండర్రా అని సెప్పుకోడమే అది."

ఆదివారాలు కింద తిండి కొట్లుండే హాకర్ సెంటర్లో కాఫీ తాగుతూ కథ మొత్తం చెప్పేవాణ్ణి. అడవిలో చిన్న పల్లెలుగా మొదలై, వందల ఏళ్లలో నగరాలై, కొండల్లాంటి గుళ్లు కట్టి, నక్షత్రాల లెక్క తెలిసి, రాజులు పుట్టిన రోజూ గెలిచిన రోజూ రాళ్ల మీద చెక్కించుకున్న వైనం. తర్వాత ఏళ్ల తరబడి వానలు తప్పడం, నగరం మీద నగరం యుద్ధాలకి పోవడం, తొమ్మిదో శతాబ్దం రెండో సగంలో టికాల్‌లో ఆఖరిసారి తేదీ చెక్కిన రాయి నిలపడం.

"రాజు సంగతి సరే. జనం ఏటయ్యారు?"

"కొందరు చచ్చిపోయారు. మిగతావాళ్లు మెల్లగా ఊళ్లు వదిలి నీళ్లున్న చోటికి పోయారు. మాయా వాళ్లు ఇప్పటికీ ఉన్నారు అంకుల్. ఆ భాషలే మాట్లాడుకుంటున్నారు."

పాడుబడ్డ ఇళ్లను తవ్వినప్పుడు ఏం దొరికిందో కూడా చెప్పాను. వాళ్లు తమ వాళ్లను ఇంటి నేల కిందే పూడ్చుకునేవారు. పైన వంట, పడక, పిల్లల ఆటలు. కింద పెద్దలు, పోయిన పసివాళ్లు.

యర్రయ్య గారు గ్లాసు బల్ల మీద పెట్టారు. "ఊరొదిలేసి ఎలిపోయినప్పుడు, కిందున్నోలని ఏటి సేసినారు?"

"చాలామందిని అక్కడే వదిలేశారు."

ఆయన లేచి, కాఫీ సగంలో వదిలేసి లిఫ్టు వైపు నడిచారు. మూడు రోజులు నాతో సరిగా మాట్లాడలేదు. నాలుగో రోజు పొద్దున్న నేను బయల్దేరుతుంటే కూర్చోమన్నారు.

వాళ్లు ముందు క్రాంజీలో ఏటి ఒడ్డున కంపంలో, అంటే రేకుల కప్పు ఇళ్లున్న పల్లెలో, ఉండేవారు. అరవై ఎనిమిదిలో మొదటి కూతురు పుట్టింది. ఆయన తల్లి పేరే పెట్టుకున్నారు, చిన్నమ్మ అని. నాలుగో నెలలో జ్వరంతో పోయింది. ఇంటి వెనక కొబ్బరి చెట్ల మధ్య పూడ్చారు. కొన్నేళ్లకి ఏటికి అడ్డుకట్ట వేసి జలాశయం చేస్తారని, ఊరు ఖాళీ చేయాలని కబురొచ్చింది. చెట్లు కొట్టి నేల చదును చేసే ముఠాలో యర్రయ్య గారిని కూడా వేశారు.

"పిల్లని ఇక్కడొదిలి నాను రాను అన్నాది సూరమ్మ. ఆడకూతురివి నువ్వు సూడకూడదు, నాను తీసుకొస్తాను అన్నాను. పలుగు అట్టుకెళ్లినాను. మూడు పోట్లు పొడిసినాను తంబీ. నాలుగోది పొడవడానికి సెయ్యి రానేదు."

పెట్టెలో మట్టి నింపి, మూత బిగించి, పడమట హిందూ శ్మశానానికి పట్టుకెళ్లారు. అక్కడ ఎవరిదో పేరు లేని పసిబిడ్డ సమాధి ఒకటి కనిపించింది. దాన్నే భార్యకి చూపించి, ఇక్కడే పెట్టానన్నారు. ఆవిడ పోయేదాకా ఏటేటా అక్కడ దీపం పెట్టింది. తర్వాత శాంతి పెడుతోంది.

"ఒక్కపాలైనా సెప్పనేకపోయాను. పడవ మీద ఆ నీల్లమీదే తిరిగినాను అన్నేళ్లు. కిందే ఉన్నాది కదా అనుకునీవోణ్ణి."

ఓదార్పు అనుకుని ఒక మాటన్నాను. "అలాంటి తడి నేలలో పసిపిల్లల ఎముకలు నిలవవు అంకుల్. తవ్వినా దొరికి ఉండేవి కావేమో."

ఆయన నావైపు తిరిగారు. "అయితే అక్కడ ఏటీ నేదా?"

ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఇప్పటికీ అనిపిస్తుంది.

రెండువేల మార్చిలో ఆయన శాంతికి చెప్పేశారు. నేను నా గదిలోనే ఉన్నాను, తలుపు తెరిచే ఉంది.

"ఆల్ దోజ్ ఇయర్స్, అప్పా? అమ్మ మోకాళ్లనొప్పితో రెండు బస్సులు మారి వెళ్లేది. యూ జస్ట్ లెట్ హర్?"

పొయ్యి మీద కూర దించకుండానే వెళ్లిపోయింది. ఎనిమిది నెలలు రాలేదు. ఫోను చేసేది, మందులు వేసుకున్నావా అని అడిగి పెట్టేసేది.

ఆయనకి తోడుండాల్సిన ఆ నెలల్లో నేను ఇంట్లో ఉన్నది తక్కువ. ఇంటర్నెట్‌లో కూరగాయలు అమ్మే ఒక కొత్త కంపెనీ పిలిస్తే పరిశోధన వదిలేసి చేరిపోయాను. చుట్టూ అందరూ అలాగే చేరుతున్నారు. టికాల్ ఫైళ్లు అట్టపెట్టెలో మంచం కిందికి పోయాయి. యర్రయ్య గారు ఒకసారి అడిగారు, ఆ ఊరి లెక్క తేలిందా అని. తర్వాత చూస్తానన్నాను.

నవంబరులో ఒక ఆదివారం శాంతి మల్లెదండతో వచ్చింది. "చూపించు అప్పా, ఎక్కడో" అంది. ఆయన నన్నూ రమ్మన్నారు.

క్రాంజీ కట్ట మీద ఎండ మండుతోంది. యర్రయ్య గారు చెయ్యి చాచి ఒక వైపు చూపించారు, దించారు, ఇంకో వైపు చూపించారు. "బావి అటు... కాదు. కొబ్బరి సెట్లు నాలుగుండీవి. నీల్లు నిండిపోనాక దిక్కు తెలవట్లేదే అమ్మా."

ఎక్కడైతేనేం అన్నట్టు శాంతి దండ విసరబోయింది. ఆయన గబుక్కున మణికట్టు పట్టుకున్నారు.

"వద్దమ్మా. తాగే నీల్లు. ఎవుడో ఒకడు దిగి తియ్యాల."

శాంతికి నవ్వొచ్చింది, ఆ నవ్వు మధ్యలోనే ఏడుపైంది. ఆయన ఆమె చెయ్యి వదల్లేదు. ఇద్దరూ అలా నీళ్లవైపు చూస్తూ నిలబడ్డారు. నేను కాస్త దూరం నడిచాను.

తిరుగు బస్సులో శ్మశానం దగ్గర స్టాపు రాబోతుంటే శాంతి లేచి గంట నొక్కింది.

"ఆ పాపకి వేరే ఎవరూ రారు కదా అప్పా. అమ్మ మాత్రమే వచ్చేది."

ఇద్దరూ దిగారు. నాకు ఆఫీసులో పని ఉంది, దిగలేదు. అద్దంలోంచి చూస్తే ఆయన గేటు దగ్గర ఆగిపోయి ఉన్నారు. దండ పట్టుకుని ముందు నడిచిన శాంతి వెనక్కి వచ్చి ఆయన భుజం పట్టుకుంది.

జనవరిలో మా కంపెనీ మూతపడింది. వీసా పోయింది, నెల రోజుల్లో ఖాళీ చేయాలి. సామాను కట్టుకుంటుంటే యర్రయ్య గారు గుమ్మంలోకి వచ్చారు.

"ఆ మాయోలు, ఇప్పుడున్నోలు... ఆలకి నీల్లు దొరుకుతున్నాయా తంబీ?"

చచ్చినవాళ్ల చెరువులు రెండేళ్లు లెక్కగట్టాను కానీ బతికున్నవాళ్ల గురించి ఒక్క పేజీ చదవలేదు. తెలుసుకుని రాస్తానన్నాను. రాయలేదు. రెండువేల మూడులో శాంతి నుంచి మెయిలు వచ్చింది. నాన్న నిద్రలోనే పోయారని, అస్థికలు సముద్రంలో కలిపామని, జలాశయంలో మాత్రం వద్దని ముందే చెప్పి ఉంచారని.