మా ఇంటి గడప తొక్కని మార్తమ్మ టీచరు

గోవాడ రోడ్డు మీద బస్సు కిటికీలోంచి బెల్లం వండుతున్న వాసన వస్తే, ఇప్పటికీ నాకు చోడవరంలో మా ఆడపిల్లల బడి గుర్తుకొస్తుంది. బడి వెనకే చెరకు గానుగ ఉండేది. పాకం వాసనకు మా చూపులు కిటికీ వైపు పోయినా మార్తమ్మ టీచరు కోప్పడేది కాదు. ఆవిడకు కోపం వచ్చేది మేము గొణుగుతూ చదివినప్పుడే. యాభైల నాటి మాట అది. ఆడపిల్ల గొంతెత్తితే ఇంట్లో కసిరేవారు. నేను నోట్లో నోట్లో చదువుతుంటే ఆవిడ గది చివరికి వెళ్లి నిలబడి, "నాకు వినబడలేదే" అనేది, వినబడేదాకా. నాకూ ఒక గొంతుందని అక్కడే తెలిసింది.

ఆవిడ భర్త పోయాక బదిలీ మీద మా ఊరు వచ్చింది. అంటరానివాళ్లంటూ ఊరు దూరం పెట్టినవాళ్ల పేటలో, భర్త తరఫు క్రైస్తవ బంధువుల ఇంట్లో ఉండేది. ఒక వేసవిలో ఒక పిల్ల కళ్లు తిరిగి పడిపోతే, టీచరు బడి కుండలోంచి తనే నీళ్లు ముంచి తాగించింది. మర్నాడు మా వీధి పెద్దలు వచ్చారు. వాళ్లలో మా నాన్న కూడా ఉన్నాడు.

"పేట మనిషి ముట్టిన నీళ్లు మా ఆడగుంటలు తాగాలేటి? రేపట్నుంచి ఒక్కర్తీ రాదు," అన్నాడొక పెద్దాయన. అందరూ నాన్న వైపు చూశారు. ఆయన నేల చూస్తూ, "కుండ ముట్టకండి టీచరుగారూ" అన్నాడు.

"ముట్టనండి. పిల్లల్ని మాత్రం బడి మానిపించకండి," అంది ఆవిడ. పెద్దలు గుమ్మం దాటాక, వెనకబడిన నాన్నను గొంతు తగ్గించి అడిగింది: "అమ్మకి కళ్లు ఆనతన్నాయేటి?"

నాన్న గబగబా పెద్దల వెనకే వెళ్లిపోయాడు. పరాయి మనిషి 'మీ అమ్మ' అనకుండా ఉత్త 'అమ్మ' అన్నదేమిటా అని, ముందు వరసలో కూర్చుని విన్న నేను ఆశ్చర్యపోయాను.

ఆ వానాకాలం నాయనమ్మ పోయింది. వాకిట్లో పడుకోబెట్టారు. టీచరు వచ్చి వీధికి అవతల, ఎదురింటి గోడ పక్కన నిలబడింది. వాన మొదలైనా కదలలేదు. రమ్మన్నవాళ్లు లేరు, పొమ్మన్నవాళ్లూ లేరు. పాడె వీధి మలుపు తిరిగాక పేట వైపు నడిచి వెళ్లిపోయింది. ఆ సాయంత్రం అమ్మ నన్ను వంటింట్లోకి లాక్కెళ్లి చెప్పింది.

"ఆవిడ మీ నాన్న సొంత సెల్లెలే. సత్తెవతి. జొరమొచ్చి సచ్చిపోయిందని అందరికీ సెప్పుకున్నాం గానీ, పేట కుర్రోణ్ణి పెళ్లి సేసుకుని, మతం, పేరూ మార్సుకుని ఎల్లిపోయింది. ఆ సిగ్గుతోనే మీ తాత రావికమతం అవతలి ఊరొదిలి ఇక్కడికొచ్చేడు. ఎవరితోనూ అనకే, మనల్ని కులంలోంచి ఎలేస్తారు."

మళ్లీ బడికెళ్లిన రోజు, పిల్లలందరూ వెళ్లాక, ఆవిడ బల్ల దగ్గర నిలబడి "అత్తా" అన్నాను. ఆవిడ చెయ్యి పుస్తకాల మీద ఆగిపోయింది. "ఒసే, ఆ మాట ఇంకెక్కడా అనకు. మీ నాన్న ఈ ఊళ్లో బతకాల," అంది. తలుపు వైపు ఒకసారి చూసి, నన్ను దగ్గరకు తీసుకుంది. "ఏటన్నావు? ఇంకోసారి అను."

అన్నాను. ఆవిడ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మరుసటి ఏడు ఆవిడకు బదిలీ అయింది. కొన్నేళ్లకు, పోయిందన్న కబురు మాత్రం వచ్చింది. నాన్న ఆ రోజు పొలం వెళ్లలేదు, అన్నం తినలేదు, ఎందుకని అమ్మ అడగలేదు. బంధువులు నాకు పెళ్లి చేసెయ్యమని పోరినా, "సదవనీండి" అని నా టీచరు ట్రైనింగు అయ్యేదాకా ఆగాడు. చెల్లెలికి ఆయన చేయగలిగింది అంతేనేమో. అది చాలదని ఆయనకూ తెలుసు.

బాగా ముసలివాడయ్యాక, ఒక మధ్యాహ్నం అరుగు మీద కూర్చుని ఉన్నట్టుండి అడిగాడు: "అమ్మ పోయిన్నాడు సత్తెవతి ఏ సీర కట్టుకుందే?"

ఆ పేరు ఆయన నోట వినడం నాకదే మొదలు. "నువ్వూ అక్కడే ఉన్నావు కదా నాన్నా?"

"వచ్చిందని తెలుసు. తలెత్తి సూడలేదమ్మా."

"తెల్ల చీర. నీలం అంచు. తడిసిపోయింది," అన్నాను.

ఇప్పుడు ఆ అన్నాచెల్లెళ్లిద్దరూ లేరు, అమ్మా లేదు. ఆ వానలో నిలబడ్డ మనిషిని కళ్లారా చూసినదాన్ని మా ఇంట్లో నేనొక్కదాన్నే మిగిలాను.