కొత్తకోట దాటిన బస్సు

ఆర్మీ పోస్టుకి చేరేసరికి ఉదయం పదకొండు. చివరి నాలుగు గంటలూ నడకే. లదాఖ్‌లో పదహారు వేల అడుగుల ఎత్తు. ఒక ఫైబర్ గుడిసె, రెండు బంకర్లు, ఒక యాంటెన్నా స్తంభం. వీపు మీద ఇరవై రెండు కిలోలు. ఎండ ఉంది, వెచ్చదనం లేదు. పది అడుగులు వేసి ఆగడం, మళ్ళీ పది అడుగులు.

గుడిసె తలుపు దగ్గర ఒకడు నా పేరుపట్టీ చదివి తెలుగులో పలకరించాడు.

"ఏ ఊరు?"

"చోడవరం."

"ఓర్నాయనో! మాది రోలుగుంటరా!"

అతను రేడియో ఆపరేటర్. ఎనిమిది మందిలో తెలుగువాళ్ళం మేమిద్దరమే. అతనికి తండ్రి లేడు. తల్లి చెరకు పనులకు వెళ్ళి పెంచింది. రెండు గంటలు కాపలా, నాలుగు గంటలు విశ్రాంతి. ఆ నాలుగు గంటల్లో సగం మా కబుర్లకే పోయేది.

డెబ్బై ఒకటో రోజు. అప్పటికి మూడు రోజులుగా మంచు కురుస్తోంది. ఉదయం ఆరింటికి స్తంభం మీద గడ్డకట్టిన మంచు కొట్టాలి. వంతు నాది. ముందురోజే నా రెండు వేళ్ళు మొద్దుబారితే నర్సింగ్ అసిస్టెంట్ కట్టు కట్టాడు. ఆపరేటర్ నా చేతిలోంచి సుత్తి లాక్కున్నాడు.

"ముందు ఏళ్ళు సూసుకో. నానెల్తాను."

ఆరు ఇరవైకి స్తంభం పైనున్న మంచు వాలు విరిగి అతని మీద పడింది. పెద్ద చప్పుడేమీ లేదు. గోనె బస్తా కింద పడ్డట్టు వినిపించింది, అంతే. మా పోస్టు పెద్ద సుబేదార్ సాబ్, మరో అయిదుగురు పారలతో పరిగెత్తారు. నన్ను మాత్రం, "ఆ చేతులతో తవ్వలేవు. రేడియో సెట్ దగ్గర కూర్చో" అన్నారు.

ఆరు ఇరవై ఆరుకి సెట్ పలికింది. చిన్న వాకీటాకీ అతని ఛాతీకి తగిలించి ఉంది.

"ఒరే... ఇనిపిస్తందా?"

"ఇనిపిస్తంది. తవ్వతన్నారు. కదలకు."

"సీకటిగా ఉంది. ఏదోటి మాటాడరా."

 మాటల్లోనే అతన్ని చోడవరంలో, రోలుగుంట మీదుగా పోయే నర్సీపట్నం బస్సెక్కించాను. కిటికీ పక్క సీటిచ్చాను. వడ్డాది వచ్చిందన్నాను. రోడ్డు పక్క చెరకు ట్రాక్టర్లు ఆగున్నాయన్నాను. మధ్యమధ్యలో అతను అడిగేవాడు.

"ఇప్పుడెక్కడ?"

"రావికమతం."

చాలాసేపటికి మళ్ళీ, "ఇప్పుడో?"

"కొత్తకోట దాటేం. అదిగో, కల్వర్టు."

ఆ తర్వాత అడగలేదు. ఊపిరి మాత్రం వినిపించింది. ఏడు ఎనిమిదికి అదీ ఆగింది. నేను బస్సు ఆపలేదు. తొమ్మిదింబావుకి అతన్ని బయటికి తీశారు. సుబేదార్ సాబ్ వచ్చి నా గుప్పిట విప్పి హ్యాండ్‌సెట్ తీసుకునేదాకా మాట్లాడుతూనే ఉన్నాను. అప్పటినుంచి నాకు మాట రాలేదు.

మూడో వారంలో ఆసుపత్రికి దించారు. అక్కడి మనోవైద్యురాలు మేజర్ మేడమ్, మరాఠీ ఆవిడ. ఆవిడ రోగుల చేత మాట్లాడించేది, బొమ్మలు వేయించేది. దగ్గరి బౌద్ధ మఠం నుంచి ఒక ముసలి భిక్షువు వారానికి రెండుసార్లు వచ్చి ధ్యానం నేర్పేవాడు. నాకు మాట రాదు కాబట్టి మేడమ్ ముందు ఆయన దగ్గర కూర్చోబెట్టింది. కళ్ళు మూసుకుని ఊపిరి గమనించమన్నాడు. నాకు సెట్‌లో వినిపించిన ఊపిరే వినిపించింది. వరండాలోకి పరిగెత్తి వాంతి చేసుకున్నాను.

వాళ్ళిద్దరూ మాట్లాడుకుని పద్ధతి మార్చారు. మేడమ్ పొడవాటి కాగితం పరిచి చేతికి బొగ్గుముక్క ఇచ్చింది. భిక్షువు వచ్చీరాని హిందీలో చెప్పాడు. "కళ్ళు తెరిచే ఉంచు. ఊపిరి లోపలికి పోతే గీత పైకి, బయటికొస్తే కిందికి. అందంగా ఉండక్కర్లేదు."

పంతొమ్మిది రోజులు గీతలే గీశాను. ఇరవయ్యో రోజు గీత పైకి వెళ్ళి ఆగిపోయింది. చెయ్యి కిందికి రాలేదు.

మేడమ్ ఆ చోట వేలు పెట్టి, "ఇక్కడ ఎవరున్నారు?" అంది.

"వాడు," అన్నాను.

గంటసేపు తెలుగులోనే చెప్పాను. ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాలేదు. అయినా నన్ను ఆపలేదు. మర్నాడు అంతా హిందీలో చెప్పాను. భిక్షువు కట్టు కట్టిన నా వేళ్ళు తన చేతిలోకి తీసుకున్నాడు. "నీ ఊపిరి అతని దగ్గర దొంగిలించింది కాదు. వదిలేటప్పుడు అతనికి మేలు కోరుకో."

నయమైందా అని మా ఊళ్ళో అడుగుతుంటారు. లేదు. మోయడం నేర్చుకున్నాను.

ఆరోగ్య కారణాలతో ఇంటికి పంపేశారు. వచ్చిన నాలుగో రోజు రోలుగుంట వెళ్ళాను. వెంటనే ప్రాణం పోయిందని అతని తల్లికి సైన్యం నుంచి ఉత్తరం వచ్చింది. నేనూ అదే చెబుదామనుకున్నాను. ఆమె నాకు మంచినీళ్ళిచ్చి ఎదురుగా కూర్చుంది.

"బాబూ, బాద పడకుండా యెంటనే పోయేడని రాసేరు. నిజివేనా?"

ఒకసారి ఊపిరి వదిలాను. నిజం చెప్పాను. సుత్తి సంగతి, వంతు నాదన్న సంగతి, సెట్‌లో అతను వినిపించిన నలభై రెండు నిమిషాలు. ఆమె ఏడవలేదు. నన్ను తిట్టలేదు.

"నా పేరెత్తేడా?"

"లేదమ్మా. బస్సు ఎక్కడిదాకా వచ్చిందని అడిగేడు."

"ఎక్కడిదాకా వచ్చేడు?"

"కొత్తకోట దాటి, కల్వర్టు కాడికి."

ఆమె లేచి చెప్పులేసుకుంది. "పద. సూపించు."

ఆటోలో వెళ్ళాం. మిట్టమధ్యాహ్నం. కల్వర్టు గోడ పక్కన నిలబడ్డాం. చోడవరం వైపు నుంచి బస్సొచ్చింది. ఎక్కుతామేమోనని డ్రైవర్ నెమ్మది చేశాడు. ఆమె రెండడుగులు ముందుకేసి ఒక్కో కిటికీలోకీ చూసింది, మొదటిదాన్నుంచి చివరిదాకా. తర్వాత కొడుకుని సాగనంపినట్టు చెయ్యి ఊపింది.

"ఎల్లిపో బాబూ. ఎల్లిపో."

బస్సు కనుమరుగయ్యాక కూడా ఆ చెయ్యి దిగలేదు. నా కళ్ళల్లో ఇప్పటికీ దిగలేదు.