సీలింగ్ దాకా లేపని గోడ

2019లో నరసరావుపేటలో ఒక డాక్టరమ్మ సొంత క్లినిక్ పెట్టుకుంటూ ప్లాన్ గీయమని నన్ను పిలిచారు. నేను సివిల్ ఇంజినీరుని. అప్పటికే ఇరవై ఏళ్లుగా పల్నాడులో ఇళ్లు, కొట్లు, ఆస్పత్రులు గీస్తున్నాను. ఆవిడ తీసుకున్నది బజారులో ఒక పొడవాటి హాలు. పేషెంట్లు కూర్చునే చోటు, చిన్న ల్యాబ్, రెండు ఎగ్జామ్ రూములు అందులోనే ఇరికించాలి. ఎగ్జామ్ రూమ్ అంటే డాక్టరు పేషెంటుని పడుకోబెట్టి చూసి, జబ్బు సంగతి మాట్లాడే గది.

ఆ ప్లాన్ గీసి నేను గొప్పలు పోయిన మాట నిజం. స్ట్రెచర్ గోడకి తగలకుండా తిరగాలని నాలుగడుగుల తలుపులు పెట్టాను. తలుపు తీసినా బల్ల మీద పడుకున్న మనిషి బయటివాళ్ల కంటపడకుండా రెక్క ఎటు తెరుచుకోవాలో చూసుకున్నాను. అన్నిటికన్నా తెలివైన పని అనుకున్నది మాత్రం పార్టిషన్లు. ఆ ప్లైవుడ్ అడ్డుగోడల్ని ఏడడుగుల దగ్గర ఆపేశాను. పైన మూడడుగులు ఖాళీ. ఒక్క ఏసీతో హాలు, గదులు అన్నీ చల్లబడతాయి. మా వైపు ఎండల సంగతి తెలిసిందేగా.

"మాటలు బయటికి వినపడవా అండీ?" అని డాక్టరమ్మ అడిగారు కూడా.

"హాల్లో జనం గోలలో ఎవరు వింటారు మేడం?" అన్నాను. నా మొహం! జనం కూర్చునే బెంచీని తీసుకెళ్లి సరిగ్గా ఆ పార్టిషన్‌కే ఆనించింది కూడా నేనే.

మూడేళ్ల తర్వాత ఆవిడ ఫోన్ చేశారు. "ఆ గోడలు సీలింగ్ దాకా లేపండి. లోపల మాట బయటికి పోయింది. ఎవరిదని అడక్కండి" అన్నారు. అంతకుమించి ఒక్క ముక్క చెప్పలేదు.

మర్నాడు పొద్దున నేను టేపు పట్టుకుని కొలుస్తుంటే, ముప్పై ఏళ్లుండే ఒకామె మందుల చీటీతో వచ్చి బెంచీ పక్కన నిలబడింది.

"ఏందన్నా, గోడ ఎత్తుతున్నారా?"

"అవునమ్మా."

"ఈ గదులు గీసిందెవురు?"

"నేనే."

నన్ను ఎగాదిగా చూసింది. "ఊరంతా తెలిసిందేలే. నీకు చెబితే ఇంక పోయేదేముంది" అంటూ నిలబడే చెప్పింది. ఈపూరు దగ్గర పల్లె ఆమెది. భర్త పోయాడు. ఊరి బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండే పని. జ్వరం తగ్గక ఇక్కడికొస్తే రక్తపరీక్షలో హెచ్ఐవీ అని తేలింది.

"మేడం మెల్లగానే చెప్పిందన్నా. నేనే అయ్యో అని అరిచా. ఎయిడ్సా మేడం, నాకెట్టా వచ్చింది అని గట్టిగా అడిగా. ఈ బెంచీ మీద మా వీధి పిన్ని కూర్చోనుంది. చెడ్డ మనిషేం కాదు. ఏడ్చుకుంటానే చెప్పిందంట అందరికీ."

"తర్వాత?"

"ఏముంది! ఆమె వండింది తినమాకండని పిల్లలకి ఇళ్లకాడ చెప్పి పంపారు. నన్ను వంటకి రావొద్దన్నారు. నా కూతురు ఆ బళ్లోనే ఐదు చదువుద్ది. దాని పక్కన ఎవురూ కూర్చోట్లా. వండిన అన్నంతో ఈ జబ్బు అంటుకోదని మేడం ఊళ్లోకి వచ్చి చెబుతానంది. నేనే వద్దన్నా. ఇంకా నాలుగూళ్లకి పాకుద్ది."

నాకు తల కొట్టేసినట్లయింది. "తప్పు నాదమ్మా" అన్నాను.

"నీదే అన్నా, కాదనను. ఇప్పుడు నువ్వెంత ఎత్తు లేపితే నాకేంది?" అనేసి మందుల కిటికీ దగ్గరికి వెళ్లిపోయింది. గొంతులో కోపం కూడా లేదు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

రెండు రోజుల్లో పని ముగించాం. గోడని సీలింగ్ దాకా లేపి, రెండు పలకల మధ్య శబ్దం ఆపే దూది లాంటి సరుకు కూరి, బెంచీని అవతలి గోడకి మార్చాను. చివరి పలక బిగిస్తూ వడ్రంగి అడిగాడు: "ఆ బడి వంటామె మూలానేగా సార్ ఇదంతా?" నేనెవరికీ చెప్పలేదు. అతనిది వినుకొండ. అక్కడిదాకా పాకింది.

పిడుగులాంటి మాట విన్నవాళ్లు మెల్లగా మాట్లాడరు. ఇరవై ఏళ్లు గదులు గీసినవాడికి ఆ పాటి తట్టలేదు. నేను ఆ గదిని నిబ్బరంగా ఉన్నవాళ్ల కోసం గీశాను. ఆస్పత్రికి నిబ్బరంగా ఎవరొస్తారు? ఇప్పుడు ఏ క్లినిక్ అప్పజెప్పే ముందైనా ఒక మనిషిని లోపల ఉంచి, గొంతు చించుకుని అరవమంటాను. నేను బయట బెంచీ మీద కూర్చుంటాను. పనివాళ్లు నవ్వుతారు, నవ్వనీ. ఒక్క ముక్క వినపడినా మళ్లీ విప్పిస్తాను. అలాంటి గదులు ఆ తర్వాత చాలానే కట్టాను. ఆమె అరిచిన రోజున మాత్రం ఒక్కటీ లేదు.