బతికుండగానే పెద్దనాన్నకు నిలబెట్టిన రాయి

మొన్న సారపాక కాగితం మిల్లులో షిఫ్టు దిగి బండి తీస్తుంటే తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పెద్దనాయన పోయిండు. జల్దీ రా." నాకు వెంటనే నమ్మబుద్ధి కాలేదు. ఆయన చావు విషయంలో మా ఇంటివాళ్లు ఇదివరకే ఒకసారి పొరబడ్డారు మరి.

అది నేను పుట్టకముందు సంగతి. పెద్దనాన్న సిపాయిగా పాకిస్తాన్ యుద్ధానికి వెళ్లాడు. ఆచూకీ లేదని టెలిగ్రామ్ వచ్చింది. ఒక పంటకాలమంతా ఎదురుచూసి, ఇక రాడనుకుని దినాలు చేసేశారు. మా కోయల్లో పోయినవాళ్లకు రాయి నిలబెడతాం. ఊరి చివర ఇప్పచెట్టు పక్కన ఆయనకూ ఒకటి నిలబెట్టారు. ఆ తర్వాత కొన్నాళ్లకు చెర నుంచి విడుదలై, ఎముకలు తేలిన ఒంటితో ఆయనే నడిచొచ్చాడు.

చెర గురించి ఎంత అడిగినా చెప్పేవాడు కాదు. తలుపుకు బయట గొళ్లెం పెడితే మాత్రం ఊరుకునేవాడు కాదు. మేకలదొడ్డి తడిక కూడా కట్టనిచ్చేవాడు కాదు. "అవేం తప్పు జేసినయ్‌రా?" అనేవాడు. ఆ తప్పు చేయని జీవాలు పోయి పక్కవాళ్ల పత్తి మేసేవి. తిట్లు తినేది మా పెద్దమ్మ.

పెళ్లి విందుల్లో ఆయనే ఎగతాళి మొదలుపెట్టేవాడు. "నా దినాల కూడు అందరు తిన్నరు, నాకే ఒక్క ముక్క పెట్టకపోతిరి" అనేవాడు.

బతికున్నవాడికి రాయి ఉంటే కీడని, తీసేద్దామని పెద్దలు ఎన్నిసార్లు అన్నా ఒప్పుకోలేదు. కొత్తల పండుగనాడు కొత్త గింజల వంట ముందుగా ఆ రాయికే పెట్టేవాడు. ఒకసారి నవ్వుతూ అడిగాను, "నీ రాయికి నువ్వే పెట్టుకుంటవేంది పెద్దనాయనా?"

"నాది గాదురా. జైల్ల నా పక్కన పండుకునేటోడు ఒకడుండె. నాకు బాగలేనప్పుడు వాని రొట్టె నాకు పెట్టిండు. జరమొచ్చి ఆడనే పోయిండు. ఏడ పాతిపెట్టిన్రో తెల్వది. వాని ఇంటోళ్ల కోసం ఎంతో ఎతికిన, దొరకలె. ఈడన్న వానికింత జాగ ఉండనియ్."

అప్పటిదాకా ఆ రాయిని చూసి నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఆ రోజు చాలా సిగ్గేసింది.

ఈసారి నిజంగానే దినాలు చేశాం. "ఆయన పేరున రాయి ఉన్నదిగా, కొత్తదెందుకు?" అన్నారు పెద్దలు. అందరూ సరేనన్నట్టే ఉన్నారు. పెద్దల మాట ఎలా కాదనాలో తెలియక పెద్దమ్మ వైపు చూశాను. అంతవరకు మూల కూర్చున్న పెద్దమ్మ లేచింది.

"అది వేరే మనిషిది. ఎవరో తల్లి కన్న కొడుకు. ఇయ్యాల మనం గుంజుకుంటే ఏడికి పోతడు? ఈయనకు ఇంకోటి తేండి."

మేం వాగు ఒడ్డు నుంచి రాయి మోసుకొచ్చి, పాత రాయికి కాస్త ఎడంగా గుంత తవ్వబోతుంటే, "ఇంక జర దగ్గరికి" అంది పెద్దమ్మ.

ఇప్పుడా రెండు రాళ్లూ పక్కపక్కనే, ఒకదానికొకటి ఆనుకునేంత దగ్గరగా ఉన్నాయి. నేను బయల్దేరి వస్తుంటే మా మేకలు వాటి చుట్టూ మేస్తున్నాయి. తడిక ఎవరూ కట్టలేదు.